పొత్తు కుదిరిన కరువు

మా అమ్మ పోయిన మూడో దినం పెనుకొండ నుంచి ఒక ముసలాయన పలకరించడానికి ధర్మవరం వచ్చాడు. మా పాత వీధి మనిషి. ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టాడు. లేచేముందు, "మీయమ్మ ఆ రెండుమాట్లు కోర్టుకు పోకుండా ఇంట్లో కూసోనుంటే ఎంతమంది బతుకులు ఎట్లుండునో" అన్నాడు. నిందగా అనలేదు, మెచ్చుకోలుగానూ అనలేదు. ఆయన్ను బస్సు ఎక్కించి వచ్చాక ఇంట్లో ఏ పనిమీదా మనసు నిలవలేదు. అమ్మ కోర్టుకు పోయిన రెండుసార్లూ నేను పక్కనే ఉన్నాను. ఆమె తర్వాత బోనెక్కింది నేనే. ఆ సంగతి నా పిల్లలకు ఇంతవరకూ చెప్పలేదు. అమ్మ ఉన్నన్నాళ్లూ అది ఆమె సంగతి కూడా కనుక నోరు విప్పలేదు. ఇప్పుడు అది నా ఒక్కదానిదే అయింది.

మేము దూదేకులవాళ్లం. పేర్లు సాయిబుల పేర్లు, ఇంట్లో మాట తెలుగు. పెనుకొండలో కోటగోడ కింది వీధిలో మా ఇల్లు. నాయన పేరు పకీరప్ప. నడవలో దూలానికి తాడు కట్టి, ఆ తాడుకు విల్లు వేలాడదీసి, పొద్దున్నుంచి దూది ఏకుతుండేవాడు. విల్లుకు బిగించిన నరం మోత ఆగితే నాకు నిద్ర మెలకువ వచ్చేది. ఇంట్లో దూదిపోగు లేని చోటు లేదు. సంగటి ముద్ద విరిస్తే లోపల తెల్లగా కనబడేది, నాయన కనుబొమల్లో ఉండేది, అవ్వ ముక్కుపొడి డబ్బాలో ఉండేది. అవ్వ అంటే నాయన తల్లి. ఆమె పగలంతా గడపమీద కూర్చుని వీధిలో పోయే ప్రతివాణ్ణీ యాడికి పోతాండావని అడిగేది. జవాబు నచ్చకపోతే మళ్లీ అడిగేది. సాయంత్రం నాయన కుడిభుజానికి ఆముదం కాచి రుద్దేది. అమ్మ పేరు ఇమాంబీ. పరుపుల గుడ్డ కుట్టేటప్పుడు దబ్బనం పళ్లమధ్య పెట్టుకునేది, అందుకే ఆమెకు తక్కువ మాటలు అలవాటయ్యాయని నాయన నవ్వేవాడు.

మా వైపు పార్టీ అంటే అప్పట్లో జెండా కాదు, మనిషి. జెండాలు ఎన్నికకొకటి మారేవి. మనుషులు మారేవాళ్లు కాదు. మా వీధి తిమ్మారెడ్డి పార్టీ. వంకకు అవతలి వీధులు ఓబుళప్ప పార్టీ. అవతలివాళ్ల కొట్లో మేం ఉప్పు కొనేవాళ్లం కాదు, వాళ్ల పరుపులు నాయన కుట్టేవాడు కాదు. మొదట్లో అయితే కుట్టేవాడు. ఓబుళప్ప మనిషి కొండన్న పెళ్లికి పరుపు, రెండు దిండ్లు మా ఇంట్లోనే తయారయ్యాయి. ఆ తర్వాత రెండు వైపులా తలలు పగలడం మొదలై, రాకపోకలు ఆగిపోయాయి.

పంచాయతీ ఎన్నికల్లో నాయన తిమ్మారెడ్డి తరఫున ఏజెంటుగా కూర్చున్నాడు. కొండన్న ఎవరో చనిపోయిన మనిషి పేరుతో ఓటు వేయడానికి వచ్చాడు. నాయన లేచి నిలబడి, ఈ పేరు మనిషి పోయి రెండేండ్లయింది, మనమందరం మట్టి వేసినాం కదప్పా అన్నాడట. వరసలో ఉన్న ఆడవాళ్లు సైతం నవ్వారట. ఆ రాత్రి అన్నం తింటూ నాయన ఇదంతా మాకు చెప్పి తనూ నవ్వాడు. నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే వాళ్లు మా ఇంటికి వచ్చారు.

నలుగురు వచ్చారు. ముగ్గురు ముఖాలకు తువాళ్లు చుట్టుకున్నారు. కొండన్న చుట్టుకోలేదు. అమ్మ వాకిట్లో గుడ్డ కుడుతోంది. నేను నడవలో దూదిలోంచి గింజలు ఏరుతున్నాను. నాకప్పుడు పదహారేళ్లు. విల్లు మోతలో నాయనకు అడుగుల చప్పుడు వినబడలేదు. మొదటి దెబ్బ విల్లు పట్టుకున్న చేతిమీద పడింది. నరం తెగి గోడకు కొట్టుకుంది. నాయన అరవలేదు. ఇదేంది అన్నట్టు కొండన్న ముఖంలోకి చూశాడు. తర్వాతి దెబ్బలు మెడమీద, వీపుమీద. వేటకొడవలి ఎముకలో ఇరుక్కుంటే కొండన్న కాలు ఆనించి లాగాడు. అమ్మ కత్తెర పట్టుకుని మీదికి పోతే ఒకడు ఆమెను జుట్టు పట్టి గుంజకు కొట్టాడు. నేను కదల్లేదు. గింజలు గుప్పిట్లో పట్టుకుని అన్నీ చూశాను. వాళ్లు వెళ్లాక అవ్వ గడపమీద నుంచి పాక్కుంటూ వచ్చి, ఏకిన దూది దోసిళ్లతో తీసి కొడుకు మెడమీద అదిమింది. వేసిన దూది వేసినట్టే బరువెక్కి జారిపోయింది. ఆమె వేస్తూనే ఉంది.

వారం తిరక్కుండా మా వైపువాళ్లు ఆ ముగ్గురిలో ఒకడని అనుమానపడినవాడి తమ్ముణ్ణి మడకశిర రోడ్డుమీద బాంబులేసి చంపారు. అతనికి పద్దెనిమిదేళ్లు, మా ఇల్లు యాడుందో కూడా అతనికి తెలియదు. ఆ వార్త విని మా వీధిలో టపాకాయలు కాల్చారు. అమ్మ తలుపు వేసుకుంది. తిమ్మారెడ్డి మాకు లాయరును పెట్టాడు, అరుగుమీద ఒక మనిషిని కాపలా పెట్టాడు. ఆ మనిషి వరిపొట్టు నింపిన బుట్టలో నాటుబాంబులు దాచుకుని కూర్చునేవాడు. పక్కన కూర్చుని బీడీ కాల్చొద్దని అవ్వ అతణ్ణి రోజూ తిట్టేది. నేనూ అమ్మా పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పాం. చూపు ఆనదని అవ్వను సాక్షిగా రాసుకోలేదు. కొండన్నను పట్టుకుపోయారు.

వరసగా రెండో ఏడు కూడా వానలు లేవు. చెనిక్కాయ పైరు, అదే వేరుశెనగ, పూతమీదే ఎండిపోయింది. గొర్రెలున్నవాళ్లు వాటిని కటికవాళ్లకు తోలేశారు. హిందూపురం పట్టుగూళ్ల సంతకు పోయే బండ్లు తగ్గిపోయాయి. ధర్మవరంలో మా మేనమామ నేత పని లేక మగ్గం గుంట మీద చెక్కలు పరిచి పడుకుంటున్నాడని కబురొచ్చింది. పరుపులు కుట్టించుకునేవాళ్లు లేరు. అవ్వ చింతగింజలు వేయించి, నానబెట్టి, ఉడకబెట్టి పెట్టేది. బడికి పోయే నా చిన్న తమ్ముడికి అవి పడక కడుపు ఉబ్బి ఏడ్చేవాడు. కరువు పనులకని పైనుంచి గోధుమలు వచ్చాయి గాని, పనులు మంజూరు చేయడానికి సమితికి ప్రెసిడెంటు లేడు. ప్రెసిడెంటును ఎన్నుకోవాల్సిన సర్పంచులు తిమ్మారెడ్డికి సగం, ఓబుళప్పకు సగం. ఎవరిని నిలబెట్టినా ఇంకొకరు పడగొడుతున్నారు. గోధుమలు గోడౌనులో పురుగు పడుతున్నాయని అందరికీ తెలుసు.

ఢిల్లీలో నిన్నటిదాకా తిట్టుకున్న పార్టీలు కలిసి సర్కారు చేస్తున్నాయని రేడియోలో చెప్పేవాళ్లు. ఢిల్లీలో కలిస్తే మనమెందుకు కలవకూడదని హిందూపురం పట్టు వ్యాపారి ఒకాయన ఇద్దరినీ తన ఇంట్లో కూర్చోబెట్టాడు. మొదటి సగం కాలం తిమ్మారెడ్డి ప్రెసిడెంటు, ఓబుళప్ప వైసు ప్రెసిడెంటు. రెండో సగం అటుదిటు. రెండు వైపులా కేసులు రాజీ. పొత్తు కుదిరిందని ఇద్దరూ ఒకే జీపులో దండలేసుకుని పెనుకొండ బజారులో ఊరేగారు. మా పార్టీ కోసం చెయ్యి పోగొట్టుకున్న ఒకతను ఆ జీపు ముందు అడ్డంగా పడుకున్నాడు. తిమ్మారెడ్డి మనుషులే అతణ్ణి కాళ్లు పట్టి పక్కకు ఈడ్చి, పళ్లు రాలేదాకా తన్నారు. జీపు ఆగలేదు. తప్పెట్లూ ఆగలేదు.

మరుసటి రోజు తిమ్మారెడ్డి మా ఇంటికి వచ్చాడు. చాపమీద కూర్చున్నాడు. నాయన ఎట్లాంటి మనిషో కాసేపు చెప్పి, అసలు మాటకొచ్చాడు.

"నువ్వు చూసినావు ఇమాంబీ. ఎవురు కాదన్నారు? చూళ్లేదని చెప్పమంటాండా, అంతే."

అమ్మ నోట్లోంచి దబ్బనం తీసింది. "నేను చూసినా గదన్నా" అంది. మళ్లీ దబ్బనం పళ్లమధ్య పెట్టుకుంది.

కేసు నిలబడితే ఓబుళప్ప పొత్తు తెంచుతాడని, పొత్తు తెగితే పనులు రావని, ఊరంతా ఉసూరుమంటుందని ఆయన నెమ్మదిగానే చెప్పాడు. ఆమె కుట్టడం ఆపలేదు. ఆయన లేచి పోయాడు. ఆ సాయంత్రం మా అరుగుమీది మనిషి తన బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులకు ఎవరో మా పెరటి గోడమీద బాంబు వేశారు. ఇటువాళ్లో అటువాళ్లో తెలియలేదు. అప్పటికి అది తెలుసుకునే దారి కూడా లేదు. పెరట్లో కట్టేసిన మా మేక చచ్చిపోయింది. దాని రక్తం నా లంగామీద పడింది. కోయకుండా చచ్చినదాన్ని మేము తినం కనుక కళేబరం వంక గట్టున పడేసి వస్తే, వీధివాళ్లు దాన్ని కోసుకుని తిన్నారు.

తర్వాత వీధివాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ బెదిరించలేదు. నాయన శవాన్ని మోసినవాళ్లే, ఊరికే వచ్చి, కూర్చుని, అడిగారు. అమ్మతో లాభం లేదని తెలిశాక నన్ను పట్టుకున్నారు. మా పక్కింటి లక్ష్మీదేవక్క చంటిబిడ్డను ఎత్తుకుని నీళ్ల దగ్గరికి వచ్చింది. ఆమె మొగుడు రామాంజి నాయన పాడెకు ముందు కొమ్ము పట్టినవాడు. బిడ్డ రొమ్ము చీకి చీకి, పాలు రాక, ఏడ్చే ఓపిక కూడా లేక నోరు తెరుచుకుని ఉన్నాడు.

"మీయమ్మ ఇనదు హుసేనీ. నువ్వు లోపల ఉన్నానని చెప్పు సాలు. నీ కాళ్లు పట్టుకుంటా" అంది. నిజంగానే వంగింది.

ఇంటికొచ్చి అవ్వను అడిగాను. కొడుకు మెడకు దూది అదిమిన మనిషి, కొండన్నను ఉరి తీయాలని కోరుతుందనుకున్నాను. అవ్వ ముక్కుపొడి డబ్బా మూత బిగించింది. "నా కొడుకు రాడు. ఉండేటోళ్లన్నా ఉండనీ పాపా" అంది.

హిందూపురం కోర్టులో మొదట అమ్మను పిలిచారు. తలమీద కొంగు సర్దుకుని బోనెక్కి, వచ్చినవాళ్లు ఎందరు, ఎవరు ముఖం కప్పుకోలేదు, దెబ్బలు ఎక్కడెక్కడ పడ్డాయి, అంతా చెప్పింది. కొండన్నను వేలెత్తి చూపించింది. తర్వాత నన్ను పిలిచారు. నేను వంటింట్లో ఉన్నానని, కేకలు విని బయటికి వచ్చేసరికి ఎవరూ లేరని చెప్పాను. మా అమ్మ కూడా నాతోపాటు వంటింట్లోనే ఉందని కూడా చెప్పాను. ఆ రెండో మాట ఎవరూ నాకు నేర్పలేదు, భయంలో నా నోటికే వచ్చింది. ఆ మాటతోనే అమ్మ సాక్ష్యం కొట్టుకుపోయింది. మా వీధివాళ్లు ఎవరూ ఏమీ చూడలేదన్నారు. కొండన్నను వదిలేశారు.

అమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఇంటికొచ్చి పొయ్యి రాజేసింది. అయితే ఆ రోజు నుంచి నన్ను ఏదైనా చూసి రమ్మని పంపడం మానేసింది. నీళ్లబండి వచ్చిందా, కొట్టు తెరిచారా, తమ్ముడు బడిలోనే ఉన్నాడా, ఇట్లాంటివి కూడా చేతిలో పని వదిలి తానే పోయి చూసుకొచ్చేది.

పనులు వచ్చాయి. చెరువులో పూడిక తీసి కట్టమీద పోయాలి. కూలికి గోధుమలు. సంగటి తినే మాకు గోధుమలు ఏం చేసుకోవాలో తెలియక దంచి గంజి కాచుకున్నాం. లక్ష్మీదేవక్కకు పాలు పడ్డాయి, ఆమె బిడ్డ బతికాడు. అది నేను నా కళ్లతో చూశాను, ఈ రోజుకూ కాదనలేను. మా గుంపుకు మేస్త్రీగా పెట్టింది కొండన్నను. అది కూడా పొత్తులో భాగమే కాబోలు. పొద్దున్నే అతను ఇమాంబీ అని పేరు పిలిస్తే అమ్మ ఉన్నానని బదులు చెప్పి గంప ఎత్తుకునేది. అతను ఆమె ముఖంలోకి చూసేవాడు కాదు. అవ్వ ఆ గంజి రెండు నెలలు తాగి, ఒక మధ్యాహ్నం గడపమీద కూర్చున్నట్టే ఉండి చనిపోయింది.

సగం కాలం అయిపోయింది. తిమ్మారెడ్డి కుర్చీ దిగలేదు. పొత్తు తెగిన వారంలోనే రెండు వైపులా ముగ్గురు చచ్చారు. బస్టాండు దగ్గర నరికిన ఒకతని తల తెచ్చి సమితి ఆఫీసు మెట్లమీద పెట్టారు. గోధుమల గోడౌనుకు నిప్పు పెట్టారు. ఎవరు పెట్టారో ఇప్పటికీ ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. రెండు రోజులపాటు ఊరంతా మాడిన రొట్టె వాసన వేసింది. ఆకలితో ఉన్న పిల్లలు ఆ వాసనకు గోడౌను చుట్టూ చేరితే పోలీసులు లాఠీలతో తరిమారు. పనులు ఆగిపోయాయి. ఏ గోధుమల కోసం నేను అబద్ధం చెప్పానో అవి అట్లా బూడిదయ్యాయి. నా తమ్ముణ్ణి అమ్మ ధర్మవరంలో మేనమామ దగ్గరికి పంపేసింది.

ఆ తర్వాత ఒక ఆదివారం సంతలో అమ్మా నేనూ అమ్మకానికి దిండ్లు పరుచుకుని కూర్చున్నాం. కొన్ని వానలు పడి, ఒకరిద్దరు అడిగిపోతున్న కాలం. మధ్యాహ్నం పశువుల వైపు నుంచి కేకలు వినబడ్డాయి. జనం విడిపోతుంటే వాళ్ల మధ్యలోంచి కొండన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. అప్పటికే ఒక చెవి లేదు. తడబడి మా దిండ్లమీద పడ్డాడు. ఎవరి దుకాణంలో పడ్డాడో తల ఎత్తి చూస్తే గాని అతనికి తెలియలేదు. అమ్మను చూశాడు. చేతులు జోడించాడో, దెబ్బకు అడ్డం పెట్టుకున్నాడో చెప్పలేను. వెనకనే ముగ్గురు వచ్చారు. ముందున్నవాడు రామాంజి. అమ్మ లేచి అతని కొడవలి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "సాలప్పా, సాలు" అంది. రామాంజి ఆమెను నెట్టలేదు. పక్కకు జరిపాడు, పెద్దవాళ్లను జరిపినట్టు మర్యాదగా.

"నీ కోసమే పెద్దమ్మా. పక్కకు రా" అన్నాడు.

ముగ్గురూ కలిసి నరికారు. ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టలేదు గాని, మొదటిది ఎవరిదో, ఆఖరిది ఎవరిదో చూశాను. దిండ్లు తెగి దూది లేచింది. పని అయ్యాక రామాంజి ఆయాసంతో మా ముందు నిలబడ్డాడు, మేము ఏదో ఒక మాట అంటామని ఎదురుచూస్తున్నట్టు. అమ్మ చిరిగిన దిండు గుడ్డ ఒకటి విప్పి కొండన్న ముఖంమీద కప్పింది. తర్వాత చెప్పులు వేసుకుని స్టేషనుకు నడిచింది. నేను వెనకే పోయాను.

ఈసారి మా వీధి మొత్తం మామీద విరుచుకుపడింది. మొగుణ్ణి చంపినవాడి తరఫున సాక్ష్యం చెప్పే ఆడది లోకంలో ఉంటుందా అన్నారు. మా తలుపుకు పెంట పూశారు. లక్ష్మీదేవక్క అప్పటికి నడక వచ్చిన తన బిడ్డను మా గడపలో వదిలిపెట్టి, వీని నాయనను జైలుకు పంపి మీరే సాకండి అని ఏడుస్తూ పోయింది. అమ్మ ఆ బిడ్డకు అన్నం తినిపించి, ఎత్తుకుని పోయి వాళ్ల ఇంట్లో దింపి వచ్చింది. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. నువ్వేం చెప్తావని ఒక్కసారి కూడా అడగలేదు.

అదే కోర్టు. రామాంజి తరఫు లాయరు మాకు కొత్తవాడు కాదు. నాయన కేసులో తిమ్మారెడ్డి మాకు పెట్టినాయనే. అమ్మను అడిగాడు, చనిపోయినవాడు నీ భర్తను చంపాడని నువ్వే ఈ కోర్టులో చెప్పావు కదా, వాడు చస్తే నీకు బాధేమిటని. అమ్మ, బాధ సంగతి కాదు సామీ అంది. "ఆ పొద్దు చూసింది ఆ పొద్దు చెప్పినా. ఈ పొద్దు చూసింది ఈ పొద్దు చెప్తాండా."

తర్వాత నేను. రామాంజిని చూపించాను. అతను నన్నే చూస్తున్నాడు, కోపంగా కాదు, వింతగా. లాయరు పాత కాగితాలు తిరగేసి, ఇదే బోనులో ముందోసారి వంటింట్లో ఉన్నానని చెప్పావే, అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా అని అడిగాడు. వెనక బెంచీమీద అమ్మ ఉంది. నేను తిరిగి చూడలేదు.

"అప్పుడు చెప్పింది అబద్ధం సార్. నేను నడవలోనే ఉన్నా. మా నాయనను ఎవురు సంపింది చూసినా."

రాసుకునే ఆయన రాసుకున్నాడు. అది రాసుకున్నందువల్ల ఎవరికీ ఏమీ కాలేదు, ఆ కేసులో శిక్ష పడాల్సినవాడు అప్పటికే మట్టిలో ఉన్నాడు. ఈ కేసులో రామాంజికీ, ఇంకొకడికీ యావజ్జీవం పడింది. మూడోవాడు బయటపడ్డాడు. వాళ్లను పంపినవాళ్ల పేరు ఎవరి నోటా రాలేదు. కొన్నేళ్లకు తిమ్మారెడ్డి, ఓబుళప్ప మళ్లీ ఒక ఎన్నికలో కలిశారు, వియ్యంకులు కూడా అయ్యారని విన్నాను. ఇప్పుడు టీవీలో పొత్తులు కుదరడం చూస్తుంటాను. పొద్దున తిట్టుకున్నవాళ్లు సాయంత్రానికి ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటారు. మా పిల్లలు నవ్వి ఛానలు మారుస్తారు. మంచిదే, ఈ కాలంలో దానికోసం ఎవరి వాకిట్లోనూ నెత్తురు పడడం లేదు. పని దొరకడానికి ఏ పిల్లా అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. నాకు మాత్రం శాలువాలు కప్పే చోట వెనక నిలబడిన చిన్నవాళ్ల ముఖాలే కనబడతాయి. జీపు ముందు పడుకున్న మనిషి పేరు కూడా నాకు గుర్తులేదు.

సాక్ష్యం చెప్పిన సాయంత్రం హిందూపురంలో ధర్మవరం ప్యాసింజరు ఎక్కాం. టిక్కెట్లు అమ్మే తీసింది. పెనుకొండకు కాదు, ధర్మవరానికి అని రైలు కదిలాక చెప్పింది. ఇంట్లో విల్లు, గిన్నెలు, అవ్వ మంచం, అన్నీ అట్లే ఉన్నాయి. వాటి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పెనుకొండ స్టేషనులో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద తిమ్మారెడ్డి మనుషులు నలుగురైదుగురు ఒక్కొక్క పెట్టెలోకి తొంగిచూస్తూ వస్తున్నారు. నేను కిటికీ చెక్క దించబోయాను. అమ్మ నా చేతిమీద చెయ్యి వేసి ఆపింది.

"ఉండనీ హుసేనీ. చూసేటోళ్లు చూడనీ" అంది.

వాళ్లు మా కిటికీ దాకా వచ్చారు. ఒకడు ఆగి మా ఇద్దరినీ చూశాడు. అమ్మ కూడా అతణ్ణి చూసింది, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోలేదు. అతను ఏమనుకున్నాడో, పక్కవాడి భుజం తట్టి ముందుకు నడిచాడు. రైలు కూత వేసింది.

అమ్మ చెయ్యి నా చేతిమీదే ఉంది. ధర్మవరం వచ్చేదాకా తీయలేదు.